లాక్కున్నవాడే వారసుడా?

సద్దాం రహస్య పోలీసుల కార్యాలయం నేలమాళిగలో నడుములోతు నీళ్లు. ఆ నీళ్లలో 1568నాటి హీబ్రూ బైబిలు, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టల ముక్కలు, బడిపిల్లల ఫొటోలు అంటించిన రికార్డులు. 2003 మేలో ఆయుధాల కోసం గాలిస్తూ బాగ్దాద్‌లో ఆ మెట్లు దిగిన అమెరికా బృందానికి దొరికింది ఇరాక్ యూదు సమాజపు జ్ఞాపకం: 2,700 పుస్తకాలు, వేలకొద్దీ పత్రాలు. ఎండబెట్టి పెట్టెల్లో కుక్కితే బూజు పట్టింది. గడ్డకట్టించి, విమానమెక్కించి, 30 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వాటికి ప్రాణం పోసింది. ఆ శ్రమకు నమస్కారం. మా కోపమంతా దాని వెనకున్న కాగితం మీద.

బాగు చేశాక అంతా ఇరాక్‌కు అప్పగించాలని 2003 ఆగస్టులోనే ఒప్పందం రాసుకున్నారు. రాసుకున్నదెవరు? ఒకవైపు ఇరాక్‌లో అమెరికా నడిపిన ఆక్రమణ పాలనాధికార సంస్థ, మరోవైపు జాతీయ ఆర్కైవ్స్. అంటే అటూ అమెరికాయే, ఇటూ అమెరికాయే! ఆ పుస్తకాలు ఎవరి సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) చదివారో, ఆ రికార్డుల్లో ఎవరి పిల్లలున్నారో వాళ్ల సంతకం అందులో లేదు. అప్పగింతకు పెట్టిన 2014 గడువు 2018కి జరిగింది, అదీ దాటిపోయింది. యాజమాన్యం మాత్రం తేలలేదు.

ఆక్రమించిన సైన్యం ఒక దేశపు సాంస్కృతిక సంపదను తరలించుకుపోకూడదన్న ఇరాక్ వాదనలో బలం ఉంది. అమరావతి శిల్పాలు లండన్ మ్యూజియంలో ఉన్నాయని నొచ్చుకునే మనకు ఆ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. అమరావతి రాళ్లు పోయాయి, ఊరూ జనమూ ఉన్నారు. బాగ్దాద్ తన జనాన్ని తరిమేసి, వాళ్ల పుస్తకాలు అడుగుతోంది.

ఒకప్పుడు ఆ నగర జనాభాలో మూడింట ఒకవంతు యూదులే. 1941లో యూదులపై ఫర్హూద్ మారణకాండ జరిగింది. 1950 మార్చిలో, దేశం విడిచే యూదుల పౌరసత్వం రద్దుచేసే చట్టం వచ్చింది. వెళ్లడానికి పేర్లు నమోదు చేసుకున్నాక, 1951లో వాళ్ల ఆస్తులు స్తంభింపజేస్తూ మరో చట్టం. లక్షకు పైగా జనం కట్టుబట్టలతో వెళ్లిపోయారు. మిగిలిన గుప్పెడుమందిలో తొమ్మిది మందిని 1969 జనవరిలో గూఢచారులని ముద్రవేసి ఉరితీసి బహిరంగంగా వేలాడదీశారు. సమాజం చెదిరిపోయాక దాని పత్రాలు గూఢచారి శాఖ నేలమాళిగకు చేరాయి. అవి అక్కడికి తమంతట తాము నడిచి వెళ్లలేదు.

లాక్కున్న సొత్తుకు లాక్కున్న ప్రభుత్వమే హక్కుదారు అని ఇప్పుడు ఒప్పుకొంటే, రేపు ఏ దేశంలోనైనా ఇదే దారి. ముందు మనుషులను వెళ్లగొట్టు, తర్వాత వాళ్ల గ్రంథాలను ‘జాతీయ వారసత్వం’ అని పిలువు. మసీదు దస్త్రాలకైనా, చర్చి రిజిస్టర్లకైనా, గుడి తాళపత్రాలకైనా రేపు వర్తించేది ఇదే లెక్క.

అన్నీ డిజిటల్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు కదా, అసలు ప్రతులు ఎక్కడుంటే ఏమిటి అనేవాళ్లూ ఉన్నారు. అంత తేడా లేకపోతే ఆ డిజిటల్ ప్రతులనే బాగ్దాద్‌కు ఇవ్వండి, అసలువి సొంతదారులకు ఇవ్వండి! ఇరాక్ యూదుల సంతతిలో ఎక్కువమంది ఉన్నది ఇజ్రాయెల్‌లో. ఆ దేశంతో సంబంధాలు పెట్టుకుంటే మరణశిక్ష దాకా విధించవచ్చని 2022లో ఇరాక్ పార్లమెంటు చట్టం చేసింది. తాత చదివిన బడి రికార్డు చూడటానికి మనవడు ఏ వీసా మీద బాగ్దాద్ వెళ్లాలి?

వాషింగ్టన్‌ది మరో రకం కపటం. ఇస్తామంటుంది, ఇవ్వదు; ఇవ్వబోమనీ అనదు. చేసిన ఒప్పందం తప్పని ఒప్పుకోవడానికి నామోషీ. గడువులు జరుపుతూ కూర్చునే బదులు, ఆ రికార్డుల్లోని పిల్లల కుటుంబాలను బల్ల ముందు కూర్చోబెట్టి అడగాలి. బాగ్దాద్‌కు అంత ప్రేమే ఉంటే, పుస్తకాల సంగతి తర్వాత, ముందు 1950లో లాగేసుకున్న పౌరసత్వాల గురించి నోరు విప్పమనండి.