రెండు ఘాట్లూ ఒకటి కావు
ఆవాల ఘాటూ, యుద్ధంలో విషంగా వాడిన మస్టర్డ్ గ్యాసూ ఒకే రసాయనమన్నట్టు ఒక వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. పొడి ఆవపిండిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, పెద్దగా ఏమీ అనిపించదు. చన్నీళ్లు పోసి కలిపితే కాసేపటికి ముక్కుపుటాలు అదిరిపోతాయి. గింజలోని సినిగ్రిన్ అనే పదార్థమూ, మైరోసినేస్ అనే ఎంజైమూ నీళ్లలో కలిస్తేనే ఆ ఘాటు నూనె, అంటే అల్లైల్ ఐసోథయోసయనేట్, పుడుతుంది. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చి ఘాటు రాదు, చేదు మాత్రం మిగులుతుంది. మస్టర్డ్ గ్యాసులో ఆవగింజంత ఆవ కూడా లేదు. అది ఫ్యాక్టరీలో తయారైన గంధకం, క్లోరిన్ సమ్మేళనం. వాసన కాస్త ఆవను తలపిస్తుందని ఆ పేరు పెట్టారు, అంతే. గంధకం రెండింట్లోనూ ఉన్నమాట నిజమే, చుట్టరికం అక్కడితో సరి. అసలు అది గ్యాసు కూడా కాదు, మామూలు వాతావరణంలో జిడ్డు ద్రవం. ఆవ మంట క్షణాల్లో నషాళానికంటి దిగిపోతుంది. ఇదేమో తగిలినప్పుడు నొప్పే తెలియనివ్వదు, కొన్ని గంటలయ్యాక ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కళ్లు మూసుకుపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జులైలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు దీన్ని మొదటిసారి ప్రయోగించినప్పుడు సైనికులు మోసపోయింది అందుకే. దాని దగ్గరి బంధువు నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న రోగికి మందుగా ఇచ్చారు, వ్యాసంలో ఆ ఊసే లేదు.