ముప్పై ఏళ్ల అభిరుచి

మా మండల విలేకరి గారికి మొన్న సన్మానం జరిగింది. వక్తలందరూ ఆయన ముప్పై ఏళ్ల పాత్రికేయ జీవితాన్ని ఆకాశానికెత్తారు. ఇది చట్టరీత్యా తప్పుడు పొగడ్త. తాను పాత్రికేయుడు కాడని ఆయనే సంతకం చేసి ఇచ్చారు.

ఆయన పనిచేసిన కాలంలో అమల్లో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం, ప్రధాన వృత్తి పత్రికా రచన అయితేనే జర్నలిస్టు. అలాంటివారికి జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి పీడలు అంటుకునేవి. ఆ పీడలు యాజమాన్యానికి తగలకుండా, తన జీవనాధారం వేరే ఉందనీ వార్తలు రాయడం అభిరుచి మాత్రమేననీ ఆయన కాగితం రాసిచ్చారు. ఆ జీవనాధారం వారి ఇంటావిడ కుట్టుమిషను.

అభిరుచి అన్నాక నిష్ఠ ఉండాలి. ఫ్యాక్సు లేని రోజుల్లో వార్తల కవరు పట్టుకుని సాయంత్రం ఆర్టీసీ బస్సు వెంట పరుగెత్తేవారు. మూడు పేజీలు పంపితే నాలుగు వాక్యాలు అచ్చయ్యేవి. నెలాఖరున ఆ ముక్కలన్నీ కత్తిరించి, తెల్లకాగితాలకు అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపేవారు. సెంటీమీటరుకు ఇంతని డబ్బు. దీని పేరు లైన్ అకౌంట్. ఒక్క వరుసలో సరిపోయే శవానికి తక్కువ, కుటుంబమంతా పోతే కాస్త ఎక్కువ. ఆయన లెక్కలో పక్షపాతం ఉండేది కాదు.

సర్పంచి ఇసుక దందా మీద పన్నెండు సెంటీమీటర్లు రాసిన చేత్తోనే, ఆగస్టు 15 శుభాకాంక్షల ప్రకటన కోసం అదే సర్పంచి గుమ్మం ఎక్కేవారు. వార్తలకేమో అభిరుచి, ప్రకటనలకేమో టార్గెట్. ఇలా టార్గెట్ ఉన్న అభిరుచిని నేను మరెక్కడా చూడలేదు.

2009 ఎన్నికల్లో కొన్ని పత్రికలు వార్తలనే ప్యాకేజీలుగా అభ్యర్థులకు అమ్మాయి. ఆ భాగోతంపై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. వారు పత్రికల పేర్లతో సహా రాసిన నివేదికను కౌన్సిల్ 2010లో కుదించి విడుదల చేసింది. మూడు పేజీలు నాలుగు వాక్యాలు కావడం మా విలేకరి గారికి కొత్తేమీ కాదు గనుక ఆయన ఆశ్చర్యపోలేదు.

2014లో పాత్రికేయులకు మజీఠియా వేతన సంఘం సిఫారసు చేసిన జీతాలు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు పట్టణంలో విలేకరులు మిఠాయిలు పంచుకున్నారు. ఆ వార్తా ఆయనే పంపారు. స్థలాభావం వల్ల అచ్చు కాలేదు.

సన్మానపత్రంలో 'పదవీ విరమణ' అని పడింది. పదవి లేనివారికి విరమణ ఏమిటని నేను అభ్యంతరం చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. వేదిక దిగీ దిగగానే ఒక మూల కూర్చుని తన సన్మానం వార్త తానే రాస్తున్నారు. ఆయన స్థానంలో వచ్చే కొత్త కుర్రాడు ఇంకా ఆ అభిరుచి కాగితం మీద సంతకం పెట్టలేదట.

మర్నాడు నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. శాలువా కప్పినవారి పేరు ముందు, ఆయన పేరు చివర.