బడిలో మత్తు పాఠం: చెప్పాలా, వద్దా?

ఎనిమిదో తరగతి నుంచి మత్తు పదార్థాల గురించి పాఠాలు పెడదామని ఒక బడి అనుకుంటోంది. ఒక తండ్రికి అది అస్సలు నచ్చలేదు, టీచరేమో పట్టు వదలడం లేదు. నా మొగ్గు టీచర్ వైపే, కానీ ఆ తండ్రి అడిగినవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

తండ్రి: మేడం, సూటిగా అడుగుతా. మా వాడికి గంజాయి అంటే ఏంటో ఇంకా తెలీదు. మీరు క్లాసులో కూర్చోబెట్టి చెబితే తెలుస్తుంది, తెలిశాక ఓసారి చూద్దామనీ అనిపిస్తుంది. లేనిపోని ఆలోచన మనమే పుట్టించడం ఎందుకు?

టీచర్: తెలీదని మీరనుకుంటున్నారండీ. చేతిలో ఫోనున్న పదమూడేళ్ల పిల్లాడికి ఆ పేర్లన్నీ తెలుసు, కాకపోతే తెలిసినదాంట్లో సగం తప్పు. వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, ఉండేది ఉత్త ఆవిరే అనుకుంటారు, చాలావాటిలో నికోటిన్ ఉంటుందనీ అది అలవాటుగా మారి పట్టుకుంటుందనీ చెప్పేవాళ్లుండరు. వైట్‌నర్, జిగురు పుస్తకాల షాపులో దొరికేవే కదా, పీలిస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. అలాంటివి పీల్చి, గుండె లయ తప్పి, మొదటిసారికే చనిపోయినవాళ్లున్నారు.

తండ్రి: సరే, చెప్పారే అనుకుందాం. చెబితే వింటారని ఏంటి నమ్మకం? అమెరికాలో డేర్ అని ఒక కార్యక్రమం 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది, పోలీసులే యూనిఫాంలో వచ్చి పాఠాలు చెప్పేవారు, దేశమంతా పాకింది. తీరా పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకీ విననివాళ్లకీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. మీరూ అదేగా చేయబోయేది?

టీచర్: కాదండీ. పోలీసు వచ్చి ఉపన్యాసం ఇచ్చి, పిల్లలతో ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగి వెళ్లిపోవడం నాకూ వద్దు. ఒక్కసారి తాగితే చస్తావ్ అని మనం చెబుతాం, వాడి ఫ్రెండ్ వాళ్ల అన్న తాగి కూడా చక్కగా కాలేజీకి వెళ్తుంటాడు, అది చూసిన రోజున మనం చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లో కలిసిపోతాయి. నాక్కావాల్సింది అభ్యాసం. పదిమంది ముందు ఒకడు సిగరెట్ అందిస్తే పరువు పోకుండా ఎలా తప్పుకోవాలో ఇద్దర్ని నిలబెట్టి చేయించాలి, అదీ ఒక్క రోజు కాదు, ఏళ్ల తరబడి. ఇంకోటి, 'అందరూ తాగుతున్నారు' అనుకుంటారు చూడండి, పేర్లు లేకుండా చీటీల మీద రాయిస్తే సాధారణంగా అనుకున్నంతమంది ఉండరు.

తండ్రి: చీటీలతో, నాటకాలతో అయ్యే పనేనా? ఐస్‌లాండ్ చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి మత్తులో ఉన్నామని సర్వేలో చెప్పారు, 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. ఎలాగంటారు? చలికాలంలో రాత్రి పది దాటితే ఆ వయసు పిల్లలు ఒంటరిగా బయట తిరగకూడదని చట్టం. కట్టడి ఉండాలి మేడం.

టీచర్: ఆ దేశం పేరు నేనెత్తుదామనుకున్నా, మీరే ఎత్తారు. కట్టడి ఒక్కటే కాదండీ, సాయంత్రాలు ఖాళీగా ఉండకుండా ఆటలకీ సంగీతానికీ డబ్బు పెట్టారు, పిల్లల్ని క్రమం తప్పకుండా సర్వే చేసి ఏ బడి ఫలితం ఆ బడికే ఇచ్చారు, తల్లిదండ్రుల్ని కూడగట్టారు. రాత్రి పదింటికి ఇంట్లో ఉండేలా చూడాల్సింది మీరే కదా, నేను కాదు.

(ఈ మాటకు ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగినదే అసలు ప్రశ్న.)

తండ్రి: మరి ఎవడైనా దొరికితే? నేనైతే టీసీ ఇచ్చి పంపించేయమంటా. ఒక్కణ్ణి పంపితే మిగతావాళ్లు దారిలో ఉంటారు.

టీచర్: పంపేస్తే బడిలో లేని ఆ ఎనిమిది గంటలూ ఎవరితో గడుపుతాడు? పైగా మిగతావాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే, టీచర్‌కి చెప్పకూడదని. పక్కవాడు పీల్చి కింద పడిపోయినా భయపడి దాచేస్తారు. అమ్మేవాణ్ణి వదలమనను, అది వేరే సంగతి. వాడేవాడికి కౌన్సెలింగ్, అవసరమైతే డాక్టరు.

తండ్రి: అయితే చెప్పండి, మావాడు వచ్చి మీకు చెప్పుకున్నాడనుకోండి, నాకు చెబుతారా?

టీచర్: ప్రాణం మీదికొచ్చేదైతే ఆ క్షణమే. కాకపోతే ముందు వాడితోనే మీకు చెప్పించడానికి చూస్తా.

తండ్రి: దానికి నేనొప్పుకోను. నా కొడుకు సంగతి నాకు ఆఖర్న తెలియడమేంటి?

టీచర్: వాడు మీకు కాకుండా నాకెందుకు చెప్పాడో అదీ ఆలోచించాలిగా.

తండ్రి: ఆలోచిస్తా. కానీ ఏ సంగతి ఎన్ని రోజుల్లో మాకు చెబుతారో కాగితం మీద రాసివ్వండి. పాఠం మొదలుపెట్టకముందే.

టీచర్: రాసిస్తాం. అది మీరు అడగాల్సిందే.