పక్కింటి ఇసుకలో కాపురం పెట్టిన చిలగడదుంప గారికి

మహారాజశ్రీ చిలగడదుంప గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, ఈ పూట కుశలం అటువైపే ఉంది. మీరు పక్కింటివాళ్ల కుక్కర్లో ఉడుకుతున్న వాసన మా వంటింటి కిటికీ దాకా వచ్చింది.

శివరాత్రినాడు మిమ్మల్ని ఎంత పోసి కొన్నామో గుర్తుందా? ఏడాది పొడుగునా ఎవరూ పట్టించుకోని మిమ్మల్ని ఆ రెండు రోజులూ బండివాడు యాపిల్ రేటుకు అమ్ముతాడు. ఎక్కడో అమెరికా ఖండంలో పుట్టి, ఓడలెక్కి వచ్చి, శివుడి పెళ్లినాటి నుంచీ మన ఉపవాసం పళ్లెంలోనే ఉన్నట్టు ఆ దర్జా ఏమిటో! సరే, పండగ కాబట్టి నోరు మూసుకుని కొన్నాం. మిగిలినవి ఉల్లిపాయల బుట్టలో అడుగున పడ్డాయి. ఫ్రిజ్‌లో పెడదామా అంటే తమరికి పడదు. ఆ చలికి నడుమంతా గట్టిపడి, ఎన్ని కూతలు వచ్చినా మెత్తబడరు. తమరికి 13 నుంచి 15 డిగ్రీల చల్లదనం ఉండాలట. మార్చి నెలలో, మా వంటింట్లో! ఏసీ గదిలో పక్క వేయమంటారా?

బయట ఉంచితే ఏం చేశారో అందరికీ తెలుసు. చీకట్లో, చుక్క నీరు లేకుండా, చిటికెడు మన్ను లేకుండా, ప్లాస్టిక్ బుట్ట కన్నాల్లోంచి వంకాయరంగు మొలకలు బయటికి చాచారు. తుంచితే తెల్లగా పాలు కారి, వేళ్లకు జిగురు అంటి, ఆరాక నల్లబడి, ఎంత రుద్దినా సబ్బుకు లొంగలేదు.

ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే బాబాయిగారు 'మొలకొచ్చిన దుంప విషం, వెంటనే పారేయండి' అని పది మందికి పంపే మెసేజ్ ఒకటి పడేశారు. మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నది నేను. ఆ గొడవ బంగాళాదుంపది బాబాయ్, పచ్చబడి మొలకెత్తితే సొలనిన్ అనే విషం పెరిగేది దానిలో, ఇది తూటికూర వంశం అని చెప్పాను. మొలకలు తీసేసి వండుకుంటే ఏమీ కాదు, కాస్త తీపి తగ్గి పీచు తేలుతుందంతే అన్నాను. బూజు పట్టినా, ముక్కుపురుగు తొలిచి చేదెక్కినా మాత్రం పారేయాల్సిందే అని కూడా చెప్పాను. అయినా ఆయన అలిగారు. ఇంతవరకూ ఫోన్ లేదు. మీ పరువు కోసం మా చుట్టరికం చెడింది.

పోనీలే, ఇంత ఉత్సాహం ఉన్న ప్రాణిని వృథా చేయడమెందుకని జానెడు పెరిగిన మొలకల్ని విడదీసి పెరట్లో గ్రో బ్యాగుల్లో నాటాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి. పొద్దునా సాయంత్రం నీళ్లు. తీగ ఏం కళ కట్టిందనీ! వచ్చినవాళ్లంతా ఆగి చూసేవాళ్లు. నాలుగు నెలల పంట కదా అని నిన్న మధ్యాహ్నం భోజనం కూడా మానేసి బ్యాగులు బోర్లించాను. దుంపకు దెబ్బ తగులుతుందేమోనని పార కూడా వాడకుండా వేళ్లతో మన్ను విడదీశాను. ఏముంది? వేళ్లు. ఉత్త వేళ్లు. అన్నిట్లోకీ లావైనది పెన్సిలంత.

అక్కడితో ఆగినా నా దరిద్రం అనుకునేదాన్ని. పక్కింటివాళ్లు గోడ ప్లాస్టరింగ్‌కని ఇసుక పోయించి, మేస్త్రీ పత్తా లేక అలాగే వదిలేశారు. కుక్కలు పడుకునే ఇసుక. తమరు గోడ దూకి అందులోకి పాకి, కణుపుల దగ్గర వేళ్లు దించారు. ఈ రోజు పొద్దున మేస్త్రీ దర్శనమిచ్చి ఇసుక జల్లెడ పడితే పిడికిలికి పట్టనంత లావు దుంపలు బయటపడ్డాయి!

"వదినగారూ, ఇవి మీ తీగవేనటగా? ఎంత తియ్యగా ఉన్నాయో!" అంటూ ఆవిడ ప్లేటు పట్టుకొచ్చింది. ప్లేట్లో రెండు ముక్కలు.

రెండు ముక్కలు!

ఇక గారూ లేదు, గీరూ లేదు. సిగ్గుందా నీకు? బాగా మేపితే ఆకు వేస్తావు, కడుపు మాడిస్తే దుంప ఊరతావు. నత్రజని ఎక్కువైతే తీగ ఏపుగా పోయి దుంప ఊరదట, గుల్ల ఇసుక నేలంటేనే నీకు ఇష్టమట. ఆ మాట బుట్టలో ఉన్నప్పుడు చెప్పొద్దూ? తిరువనంతపురంలో 1963 నుంచి మీ దుంపజాతి అంతటి కోసం కేంద్రం పరిశోధన సంస్థ నడుపుతోంది. భూకృష్ణ అని ఊదా రంగు, భూసోన అని నారింజ రంగు తెప్పించారు. లోపలి రంగు మార్చగలిగారు కానీ నీ బుద్ధి మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

ఒక్క విషయం మర్చిపోయావు. తీగ మొదలు ఇంకా నా పెరట్లోనే ఉంది. ఫిలిప్పీన్స్‌లో, తైవాన్‌లో నీ చివుళ్లు శుభ్రంగా కూర వండుకుని తింటారు. నేనూ మధ్యాహ్నం లేత ఆకు కోసి, కందిపప్పులో వేసి, వెల్లుల్లి ఎండుమిర్చి తాలింపు పెట్టాను. బాగుంది. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు కానీ, చాలా బాగుంది. మా ఆయన అడక్కుండానే మారు వడ్డించుకున్నారు.

తీగ కొసలు కొన్ని నీళ్లల్లో వేసి ఉంచాను. మేస్త్రీని రెండు తట్టల ఇసుక మా గోడవారన పోయమన్నాను. రేపు అందులో గుచ్చుతాను. ఎరువు ఉండదు, ముద్దూ మురిపెం ఉండవు, నీ వైపు తల తిప్పి కూడా చూడను. మళ్లీ గోడ ఎక్కావో, కందిపప్పు డబ్బా నిండుగానే ఉంది.

ఇట్లు,
ఆకు దక్కిన యజమానురాలు