పొదుపు ప్రపంచ చాంపియన్‌షిప్

మోటారు రేసింగు భవిష్యత్తు గురించి, నిబంధనలు రాసే అంతర్జాతీయ సమాఖ్య (ఎఫ్ఐఏ) పెద్దలు ఇన్నాళ్లూ పారిస్‌లో కూర్చుని తర్జనభర్జన పడుతున్నారు. అందుకే ఏదీ తేలడం లేదు. అది తేలాల్సింది విజయవాడ పటమటలో, మా బాబాయి ఇంట్లో.

2026 నుంచి ఫార్ములా వన్‌కి కొత్త నిబంధనలొచ్చాయి. కారు బలంలో దాదాపు సగం కరెంటుదే. కరెంటు మోటారు సత్తాను 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు. బాగుంది. కానీ బ్యాటరీలో ఒక విడతకు వాడుకోగలిగేది 4 మెగాజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ఒక యూనిట్, పైన చిల్లర. మోటారు పూర్తి జోరు మీద ఉంటే 11 సెకన్లలో ఆ యూనిట్ హరీ! ఇక బ్రేకు వేసినప్పుడల్లా వచ్చే కరెంటును పోగేసుకుంటూ, ఎక్కడ దాచాలో ఎక్కడ ఖర్చుపెట్టాలో లెక్క చూసుకుంటూ పోవాలి. మలుపు ఇంకా రాకముందే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి బండిని దొర్లనిస్తారు. కోట్లు పోసి కట్టిన కారు, ముక్కుసూటి రోడ్డు, పక్కనే ప్రత్యర్థి. అయినా కాలు తీయాలి. దీనికి వాళ్లు లిఫ్ట్ అండ్ కోస్ట్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

బాబాయి 25 ఏళ్లుగా చేస్తున్నాడు, పేరు పెట్టలేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ ఎర్రబడబోతోందని ఆయనకి ఫర్లాంగు దూరంలోనే తెలిసిపోతుంది. కాలు తీస్తాడు. వెనక సిటీ బస్సు హారన్ చించేస్తుంటుంది. బాబాయి చలించడు. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడైతే అమ్మవారికి దండం పెట్టుకుని గేరు న్యూట్రల్‌లోకి తోస్తాడు. "న్యూట్రల్‌లోనూ ఇంజిన్ పెట్రోలు తాగుతూనే ఉంటుంది బాబాయ్. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి కాలు తీస్తేనే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుంటాయి" అని ఒకసారి చెప్పి చూశాను. "నీకు లైసెన్సు ఎప్పుడొచ్చిందిరా?" అన్నాడు. చర్చ ముగిసింది.

ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ సంగతీ అంతే. 2012లో లె మాన్స్ 24 గంటల రేసును మొదటిసారి ఒక హైబ్రిడ్ కారు, ఆడీ వాళ్లది, గెలిచిందని గొప్పగా చెప్పుకుంటారు. బాబాయి కారులో స్టీరింగ్ పక్కన చిన్న స్విచ్చుంది. పొద్దున్నే పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక గ్యాస్‌కి మారుస్తాడు. దాన్ని హైబ్రిడ్ అనరట. అనకపోతే నష్టం ఇంజినీర్లకే. డిక్కీ నిండా సిలిండరే కాబట్టి తెనాలి పెళ్లికి వెళ్లినప్పుడు సూట్‌కేసు పిన్ని ఒళ్లో, స్టీలు బిందె నా ఒళ్లో. రేసు ఇంజినీర్లు కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే బరువుల సర్దుబాటు ఇదే.

ఎఫ్1 పెట్రోలు కూడా ఇక భూమిలోంచి తోడింది కాకూడదట. పంట వ్యర్థాల్లాంటి వాటితో చేసుకోవచ్చట. గుంటూరు యార్డులో మిరప తొడిమలకు కొదవ లేదు, టెండరు పిలవడమే ఆలస్యం. (పొగకి వెనక కారు డ్రైవరు తుమ్మితే అదనపు ప్రయోజనం.)

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు, అంటే పూర్తిగా కరెంటు కార్ల రేసు, జరిగింది. ఆ కార్ల వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. మోటారే బ్రేకు, అదే జనరేటరు. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర చార్జి తక్కువే, అయినా నిక్ క్యాసిడీని దాటనివ్వకుండా గెలిచాడు. రిజర్వులో పడ్డ బండిని ఇంటిదాకా తేవడం! బాబాయి దృష్టిలో డ్రైవింగంటే అదొక్కటే.

కనుక పారిస్ పెద్దలకు నా విజ్ఞప్తి: ఆరేళ్ల పిల్లలకు కార్టింగ్ నేర్పించడం ఆపి, బెజవాడలో రిటైరైన గుమస్తాలకు ఇంటర్వ్యూలు పెట్టండి.

మొన్న ఆదివారం బాబాయికి టీవీలో రేసు చూపించాను. ఒక యూనిట్ 11 సెకన్లలో ఎలా అయిపోతుందో వివరించాను. కాసేపు మాట్లాడలేదు. "అది గంట ఏసీ రా" అన్నాడు చివరికి. లేచి వెళ్లి పక్క గదిలో ఊరికే తిరుగుతున్న ఫ్యాను ఆపాడు. వస్తూ వస్తూ నా ఫోను చార్జర్ ప్లగ్గు పీకేశాడు.

62 శాతం.