పదమూడేళ్ల పిల్లని పట్టుకుని "పని అయిపోయింది" అంటారా?

ఇప్పుడే పూల్ నుంచి ఇంటికొచ్చాను. స్నానం కూడా చేయలేదు. ఇది రాస్తే తప్ప నాకు నిద్ర పట్టదు.

మా అన్నయ్య కూతురు ఈరోజు 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదింది. పోయినేడాది ఇదే మీట్‌లో 1 నిమిషం 8.4 సెకన్లు. ఈసారి 1 నిమిషం 9.1. తేడా ఒక్క సెకను కూడా లేదు. తువ్వాలు చుట్టుకుని మా వరుస దగ్గరికి వచ్చిందో లేదో, నా వెనక కూర్చున్న పెద్దమనిషి అనేశాడు. "ఈ అమ్మాయి పని అయిపోయిందండీ. పన్నెండేళ్లకే పీక్ వచ్చేసింది, ఇంక తగ్గడమే" అని. ఆయన కూడా ఒక స్విమ్మర్‌కి తండ్రే! పిల్ల క్యాప్ తీయబోతోంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. క్యాప్ సగం నెత్తి మీద, సగం చెవి మీద. అలాగే నిలబడి ఉంది కాసేపు.

ఎవరండీ మీకు ఆ హక్కు ఇచ్చింది?

డేవిడ్ పొపోవిచ్ గురించి తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. రొమేనియా కుర్రాడు, 2004లో పుట్టాడు. టోక్యో ఒలింపిక్స్ నాటికి పదహారేళ్లు. 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్లో 1 నిమిషం 44.68 సెకన్లకి గోడ తాకాడు. నాలుగో స్థానం. సెకనులో వందో వంతులు రెండు, అంతే, కాంస్యం పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్ ఫైనల్లో 1 నిమిషం 44.72. అంటే టోక్యో కంటే నెమ్మదిగా ఈదాడు. వచ్చింది స్వర్ణం! ఈసారి రెండో స్థానం వాడికీ అతనికీ మధ్య ఉన్నది కూడా అవే రెండు వందో వంతులు. పందొమ్మిదేళ్లప్పటి టైమింగ్ పదహారేళ్లప్పటి కంటే ఎక్కువ వచ్చింది కాబట్టి ఆ కుర్రాడి పని అయిపోయిందని రాసుకుందామా?

ఈ రెండు రేసుల మధ్య జరిగింది ఇంకా చెప్పాలి. 2022లో బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 100, 200 రెండూ గెలిచాడు. ఆ ఆగస్టులో రోమ్‌లో 100 మీటర్లు 46.86 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు. అప్పటికి పదిహేడేళ్లు. అంతకుముందు రికార్డు బ్రెజిల్ వాడు సీజర్ సియేలోది, 46.91. అది కూడా రోమ్‌లోనే, 2009లో, ఆ పాలీయూరిథేన్ సూట్ల కాలంలో. ఒంటిని నీటి మీద తేల్చే ఆ సూట్లని 2010 నుంచి నిషేధించారు. వాటితో కొట్టిన రికార్డుని ఈ కుర్రాడు మామూలు బట్ట సూట్‌తో దాటాడు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

సరే, ఆ మరుసటి ఏడాది? 2023లో జపాన్‌లోని ఫుకువోకా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 200లో నాలుగో స్థానం, 100లో ఆరో స్థానం. ఒక్క పతకం లేదు. ఆ రోజు అతని దగ్గర కూర్చుని ఎవరో ఒకరు "అయిపోయింది" అని ఉంటే, అతను ఆ మాట నమ్మి ఉంటే పారిస్ లేదు. 2025లో సింగపూర్ లేదు, అక్కడ 100, 200 రెండూ మళ్లీ గెలిచాడు. నెమ్మదించిన ఆ ఏడాది కూడా కెరీర్‌లో భాగమే కదా! దాన్ని కత్తిరించి పారేస్తే మిగతాది ఎక్కడ నిలబడుతుంది?

అసలు మా పిల్ల ఎందుకు నెమ్మదించిందో ఆ పెద్దమనిషి చూశాడా? నేను చూశాను. ఏడాదిలో బెత్తెడు పొడుగైంది. కాళ్లు పెరిగాయి. మూడో టర్న్ దగ్గర, పాత లెక్క ప్రకారమే గోడకి దగ్గరగా వెళ్లి పల్టీ కొట్టింది. పొడుగు కాళ్లకి అక్కడ చోటు చాలలేదు. మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుపోయాయి, గోడని తన్నడానికి బలం రాలేదు. నీళ్ల కింద జారుతూ రావాల్సిన పిల్ల అక్కడే పైకి తేలిపోయింది. సెకనులో సగం పైన ఆ ఒక్క టర్న్‌లోనే పోయిందని నేను గట్టిగా చెప్తాను. ఇంకాస్త ముందు నుంచి పల్టీ కొట్టడం అలవాటు కావాలి. చేతులు పొడుగైతే స్ట్రోక్ లెక్క మారుతుంది, నడుము మారితే నీటిలో ఒళ్లు నిలిచే తీరు మారుతుంది. అమ్మాయిలకి ఈ వయసులో ఇది మరీ ఎక్కువ. దీనికి కొన్ని నెలలు పడుతుంది, ఒక్కోసారి రెండేళ్లు. ఓపిక పట్టాల్సింది పెద్దవాళ్లు. పట్టరు.

నాకు తెలుసు. ఎందుకంటే నా విషయంలోనూ పట్టలేదు.

నేను పద్నాలుగేళ్లకి ఆపేశాను. ఆపేశాను అంటున్నాను గానీ, ఆపించారు. నాదీ 100 ఫ్రీస్టైలే. ఒకే ఏడాది మూడు మీట్లలో టైమింగ్ పెరిగింది. మా కోచ్ మా నాన్నని పక్కకి పిలిచి రెండు ముక్కలు మాట్లాడాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నాన్న ఏమీ అనలేదు. మర్నాడు నన్ను పొద్దున్నే లేపలేదు. అంతే. నాకు ఎవరూ "మానెయ్" అని కూడా చెప్పలేదు. ఆరున్నరకి మెలకువ వచ్చి, వెలుగు చూసి, ఏడ్చుకుంటూ పరుగెత్తాను హాల్లోకి. నా బ్యాగ్ అప్పటికే అటక మీద ఉంది. దాన్ని అటక మీద పెట్టమంటే పెట్టింది మా అన్నయ్య.

ఇన్నేళ్లలో ఆ సంగతి నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఈరోజు ఎత్తుతున్నాను. ఎందుకంటే ఆ పెద్దమనిషి ఆ మాట అన్నప్పుడు పిల్ల తండ్రి ఆయన్ని కసురుతాడనుకున్నాను. మా అన్నయ్య తల ఊపాడు. "మేమూ అదే అనుకుంటున్నామండీ" అన్నాడు. పిల్ల ముందే!

అన్నయ్యా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆయన పరాయివాడు, ఆయన మాట రేపటికి మర్చిపోతుంది. నువ్వు తల ఊపింది మర్చిపోదు. ఆ అటక నాకు ఇప్పటికీ గుర్తుంది.

వచ్చేటప్పుడు పిల్ల నా బండి మీదే వచ్చింది. దారంతా మాట్లాడలేదు. గేటు దగ్గర దిగాక, తడి క్యాప్ పిండుకుంటూ మెల్లగా అడిగింది, "అత్తా, రేపు ప్రాక్టీస్ ఉంటుందా?"

ఉంటుంది. అయిదింటికి నేనే వచ్చి లేపుతాను. బ్యాగ్ నా దగ్గరే ఉంది, అన్నయ్యా. దాని కోసం వెతకొద్దు.