అమ్మమ్మ కట్టాల్సిన టోల్

టెలికాం కంపెనీలకు మళ్లీ అన్యాయం జరిగిందట. వాళ్లకి ఎప్పుడు జరగలేదు గనక అంటారా, అదీ నిజమే. కానీ ఈసారి కళ్లొత్తుకుంటూ వాళ్లు వాడుతున్న మాట చూశాక నాకు పొద్దున తాగిన కాఫీ అరగలేదు. ఆ మాట 'ఫెయిర్ షేర్'. తెలుగులో చెప్పుకుంటే న్యాయమైన వాటా. మన ఊళ్లలో ఈ మాట ఎవరి నోటి నుంచి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉమ్మడి పొలం మొత్తం తనే దున్నుకుని, గట్టు మీద కొబ్బరిచెట్లు తన గోడ లోపలికి కలుపుకుని, ఆఖరికి నూతి గిలక కూడా విప్పుకెళ్లిన పెద్దన్నగారు పంచాయితీలో కూర్చుని, 'నాకు రావాల్సిన న్యాయమైన వాటా' అంటూ గొంతు జీరపెడతాడు చూడండి, అచ్చం ఆ మాట.

వాళ్ల గోడు ఇది. కంపెనీలు స్పెక్ట్రమ్ వేలంలో కొంటాయి, టవర్లు వేస్తాయి, కేబుల్ పాతుతాయి. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, వాట్సాప్ లాంటివాళ్లేమో వాటి మీద ఉచితంగా ఊరేగుతూ డబ్బు చేసుకుంటారు. కాబట్టి వాళ్లు కూడా వాటా ఇవ్వాలి. ఎక్కువ వాడించేవాళ్లకి ఒక బిరుదు కూడా తయారుచేశారు, లార్జ్ ట్రాఫిక్ జనరేటర్లని. 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఓటీటీల మీద, అంటే ఇలా నెట్ మీద నడిచే యాప్‌ల మీద, చర్చా పత్రం తెచ్చినప్పుడు కంపెనీల సంఘం సీఓఏఐ ఈ పాట గట్టిగా పాడింది, ఆ తర్వాత కూడా ఆపలేదు.

నేను న్యాయం పక్షాన ఉండే మనిషిని. అందుకని ఈ సూత్రాన్ని కాస్త గౌరవంగా చేతిలోకి తీసుకుని, మనందరికీ తెలిసిన రోడ్డు మీద పెట్టి చూశాను.

కనుమ మర్నాడు. విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే హైవే, పంతంగి టోల్‌ప్లాజా. రెండు కిలోమీటర్ల క్యూ దాటి వచ్చాం. ఫాస్టాగ్ మోగింది, డబ్బు కట్ అయింది, కానీ గేటు లేవలేదు. బూత్‌లో కుర్రాడు తల బయటపెట్టి, "డిక్కీ తెరవండి సార్" అన్నాడు.

"డబ్బు కట్ అయింది కదా బాబూ?"

"అది రోడ్డుకి సార్. ఇప్పుడు అడిగేది డిక్కీలో ఏముందని."

తెరిచాం. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, గోంగూర పచ్చడి సీసా. వాడు ఒక్కోటీ మూత తీసి చూసి రాసుకున్నాడు. "జంతికలు ఏ కంపెనీవి సార్? మా భాగస్వామి కంపెనీవైతే టోల్ లేదు, పక్కన ఖాళీ లైన్‌లో వెళ్లిపోవచ్చు." ఇంట్లో చేసినవని చెప్పాం. "అయితే ఆ చివరి లైన్" అన్నాడు. ఆ చివరి లైన్‌లో ఒక లారీ, రెండు ట్రాక్టర్లు, బోనెట్ ఎత్తి ఆగిపోయిన కారు ఒకటి ఉన్నాయి. అందులో మనిషి పోయినేడు సంక్రాంతి నుంచి అక్కడే ఉన్నట్టు గడ్డం పెంచేశాడు.

సరే, చివరి లైనే అనుకున్నాం. అప్పుడొచ్చాడు సూపర్‌వైజర్. "ఈ అరిసెలు చేసింది ఎవరు?"

"మా అమ్మమ్మ."

"ఆవిడ కట్టారా?"

"ఏం కట్టాలి? ఆవిడ తెనాలి దాటి రాలేదు. వెళ్లింది నేను, వచ్చింది నేను, పెట్రోలు నాది, టోల్ రెండు వైపులా నేనే కట్టాను."

సూపర్‌వైజర్ నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "చూడండి సార్, ఈ వేల కార్లూ ఎక్కడి నుంచి వస్తున్నాయి? అమ్మమ్మల దగ్గర్నుంచి. వాళ్లు అరిసెలు చెయ్యకపోతే మీరు వెళ్తారా? మా రోడ్డు ఎవరి వల్ల అరుగుతోంది? వాళ్లు లార్జ్ ట్రాఫిక్ జనరేటర్లు సార్. ఆవిడకి ఫోన్ కలపండి." కలిపాను. స్పీకర్‌లో పెట్టమన్నాడు. మనవలు ఎంతమంది అని అడిగాడు. ఏడుగురు నాయనా అంది. ఎవరైనా బయట ఉన్నారా అన్నాడు. ఇద్దరు డల్లాస్‌లో ఉన్నారు, పోయిన నెలే సున్నుండలు పార్శిల్ పంపించాను అంది, పాపం గర్వంగా. సూపర్‌వైజర్ కళ్లు మెరిశాయి. అంతర్జాతీయ ట్రాఫిక్ అని రాసుకున్నాడు.

"రోడ్డుకి మీ న్యాయమైన వాటా ఇవ్వాలమ్మా" అన్నాడు.

అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "అయితే వచ్చే ఏడు చెయ్యనులే నాయనా, ఎవరూ రావద్దని చెప్పేస్తాను. నీ రోడ్డు నువ్వే దాచుకో" అంది.

సూపర్‌వైజర్ నోట్లో తడారిపోయింది. ఎందుకంటే అమ్మమ్మలు అరిసెలు మానేస్తే ఆ గేటు దగ్గర పిట్ట కూడా వాలదు.

కంపెనీలు ఇప్పుడు అడుగుతున్నది ఇంతే, ఇందులో నేను కలిపింది బెల్లం మాత్రమే. యూట్యూబ్ తనంతట తాను మీ ఇంటికొచ్చి తలుపు కొట్టదు. మీరు వేలితో నొక్కితేనే వీడియో వస్తుంది, ఆ వచ్చిన ప్రతి ఎంబీకి మీరు రీఛార్జ్ చేశారు. అటువైపు వాడూ తన సర్వర్లకి, తన కనెక్షన్లకి డబ్బు కట్టుకునే ఉన్నాడు. రెండు చివర్లా వసూలైపోయాక మధ్యలో నిలబడి మూడోసారి చెయ్యి చాపడానికి పెట్టుకున్న పేరు ఫెయిర్ షేర్. దక్షిణ కొరియాలో ఇలాంటి ఫీజులు వచ్చాయి. ట్విచ్ అనే వీడియో సంస్థ చాలా దేశాల కంటే కొరియాలో నెట్‌వర్క్ ఫీజు పది రెట్లు ఎక్కువని చెప్పి 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం కట్టేసింది. అక్కడి అమ్మమ్మ నిజంగానే అరిసెలు మానేసింది.

ఈ కథ మనకు కొత్తేమీ కాదు. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి డేటా డబ్బు కాక వేరే డబ్బు తీసుకుంటామంది. జనం గగ్గోలు పెడితే రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత 2015 మార్చిలో ట్రాయ్ ఇలాంటి యాప్‌ల మీదే 118 పేజీల చర్చా పత్రం వదిలింది. ఇరవై ప్రశ్నలు, ఇంగ్లీషులో, మీ అభిప్రాయం చెప్పండి అని. జనం చదవరన్న ధీమా అందులో అడుగడుగునా కనిపించేది. పది లక్షల మందికి పైగా మెయిల్స్ కొట్టారు. ట్రాయ్ ఎంత మురిసిపోయిందంటే, ఆ మెయిల్స్ అన్నిటినీ పంపినవాళ్ల ఈమెయిల్ అడ్రసులతో సహా తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది. పారదర్శకత అంటే అది. అభిప్రాయం చెప్పినందుకు లోన్ల మెయిళ్లు, లాటరీ మెయిళ్లు వాయనంగా పొందిన ప్రజలు ప్రజాస్వామ్య చరిత్రలో మనమే అయ్యుంటాం.

తర్వాత వచ్చాడు ఫేస్‌బుక్ వారి గణేశ్. మర్చిపోయారా? మహారాష్ట్ర రైతు. ఫ్రీ బేసిక్స్ వల్ల, అంటే కొన్ని సైట్లు మాత్రం ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ పథకం వల్ల, వాతావరణం చూసుకుంటున్నాడని, పంట ధరలు తెలుసుకుంటున్నాడని 2015 డిసెంబరులో జుకర్‌బర్గ్ స్వయంగా పత్రికలో వ్యాసం రాశాడు. గణేశ్ పంట బాగా పండించుకుంటే ఇంటర్నెట్‌కి నష్టమేమిటని అడిగాడు. పేజీలకు పేజీలు ప్రకటనలు ఇచ్చారు, మిస్డ్ కాల్ ఇవ్వమన్నారు, ఫేస్‌బుక్ తెరిస్తే చాలు ట్రాయ్‌కి మెయిల్ పంపమని బటన్ ఎదురొచ్చేది. ట్రాయ్ అడిగింది నాలుగు ప్రశ్నలు, వేరువేరు డేటాకి వేరువేరు రేట్లు ఉండొచ్చా అని. వచ్చిన లక్షల మెయిళ్లలో ఉన్నదేమో ఫ్రీ బేసిక్స్ చాలా మంచిదని. చిన్నప్పుడు ఆవు వ్యాసం ఒక్కటే బట్టీపట్టి, పరీక్షలో రైలు ప్రయాణం గురించి అడిగితే రైలు కిటికీలోంచి ఆవు కనిపించింది, ఆవుకు నాలుగు కాళ్లుండును అని రాసిన కుర్రాడు గుర్తున్నాడా? వాడు పెద్దవాడై కాలిఫోర్నియాలో సెటిలయ్యాడన్నమాట. దిద్దే మాస్టారు మాత్రం గట్టివాడే. దీన్ని సంప్రదింపులు అనరు, పనిగట్టుకుని నడిపించిన ఓటింగ్ అంటారన్న అర్థం వచ్చేలా ట్రాయ్ ఉత్తరమే రాసింది. 2016 ఫిబ్రవరి 8న తీర్పు వచ్చింది: ఏ సైట్ చూస్తున్నావన్న దాన్నిబట్టి డేటా రేటు మార్చకూడదు. తప్పితే రోజుకు 50 వేలు జరిమానా, ఎంత తప్పినా 50 లక్షలకు మించదు. 50 లక్షలు! ఆ కంపెనీలు బోర్డు మీటింగుల్లో జీడిపప్పుకి అంతకంటే ఎక్కువ పెడతాయేమో. అయినా మాట నిలబడింది. మర్నాడే ఫేస్‌బుక్ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసన్, వలసపాలనను వ్యతిరేకించడం వల్ల భారతీయులు దశాబ్దాల తరబడి నష్టపోయారన్న అర్థంలో ట్వీట్ చేసి, తర్వాత తీసేసి క్షమాపణ చెప్పుకున్నాడు. కడుపులో మాట అంత తొందరగా బయటికి రావడం అరుదు.

ఆ ఫ్రీ బేసిక్స్ ఇంటర్నెట్.ఆర్గ్ అనే పాత పేరుతో 2015 ఫిబ్రవరిలో మన దేశంలో మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ మొదటి జాబితాలో ఉన్నాయి. ముప్పైకి పైగా సైట్లు ఇచ్చారు. గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు. అందులో చేరాలంటే ఎవరైనా ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం సైట్ తయారుచేసుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. 'ఏమీ లేనివాడికి ఏదో ఒకటి మేలు కదా' అని అప్పట్లో పెద్ద చదువులు చదివినవాళ్లే నాకు నచ్చజెప్పారు. వాళ్లలో ఒక్కడైనా సొంత పిల్లలకి ఆ ముప్పై సైట్ల నెట్ పెట్టించాడా? టీ కొట్టుల్లో రెండు గ్లాసుల పద్ధతి మన ఊళ్లకు తెలియనిది కాదు. ఉచితంగా పోసినంత మాత్రాన బయట పెట్టిన గ్లాసు లోపలి గ్లాసు అయిపోదు. గణేశ్‌కి వాతావరణం చాలు, ధరలు చాలు అని తేల్చడానికి వీళ్లెవరు? వాడికి సినిమా పాటలు చూడాలని ఉండకూడదా, కోర్టు తీర్పు చదవాలని ఉండకూడదా, రాత్రి పదకొండింటికి యూట్యూబ్‌లో పనికిరాని సంగతులు చూస్తూ కూర్చునే హక్కు నాకు ఉండి వాడికి లేకపోవడమేమిటి? పేదవాడి ఫోటో ప్రకటనలో వేసుకుని పేదవాడికి ఎంత చాలునో నువ్వు కొలిచి పెట్టడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు.

గేటు దగ్గర మనిషి గెలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జగిత్యాల, నిర్మల్ వైపు ఏ ఊరికైనా వెళ్లి దుబాయ్‌లో మనిషి ఉన్న ఇంట్లో అడగండి. యూఏఈలో ఏళ్ల తరబడి వాట్సాప్‌లో మెసేజ్ వెళ్లేది, ఫోటో వెళ్లేది, కాల్ మాత్రం వెళ్లేది కాదు. మాట్లాడాలంటే అక్కడి టెలికాం వాళ్లు ఒప్పుకున్న యాప్ వేసుకుని, డేటా డబ్బు కాక విడిగా ప్యాక్ కట్టాలి. 2018లో అది నెలకు 50 దిర్హాములు, అంటే మన డబ్బుల్లో తొమ్మిది వందల పైనే. ఎండలో ఇటుకలు మోసి, క్యాంపులో ఒక గదిలో ఆరేడుగురు సర్దుకుని పడుకునే మనిషి, తను లేనప్పుడు పుట్టిన కూతురు నాన్నా అంటే వినడానికి! డేటాకి డబ్బు కట్టాడు, ఫోన్‌కి డబ్బు కట్టాడు, ఇంకా గొంతుకి కూడా కట్టాలా? 2014లో మన దగ్గర తెద్దామనుకున్నదీ ఇలాంటిదే, ఆ సంగతి మర్చిపోవద్దు.

అన్నట్టు మన ప్రభుత్వాలు మాత్రం నెట్ న్యూట్రాలిటీని, అంటే అన్ని సైట్లనీ ఒకేలా చూడాలన్న సూత్రాన్ని, తు.చ. తప్పకుండా పాటిస్తాయి. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపినప్పుడు, ఏ సైట్ మీదా వివక్ష చూపలేదు. అన్నీ సమానంగా రాలేదు.

ఇక ఎవరు ఎవరి మీద ఉచితంగా ఊరేగుతున్నారో మా అమ్మ ఫోన్ చూస్తే తెలుస్తుంది. ఆవిడది బటన్ల ఫోన్, దాంట్లో నెట్ రాదు, పాములాట వస్తుంది. దానికి నేను ఏళ్లుగా చేయించిన రీఛార్జ్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉండేది. అది తీసేసి తక్కువకి ఇవ్వమంటే కుదరదు సార్ అన్నారు. కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే ప్యాక్ పెట్టండని 2024 డిసెంబరులో ట్రాయ్ మెడ మీద కూర్చుంటే గానీ దిగిరాలేదు. 28 రోజులకు ఒక నెల చొప్పున ఏడాదికి పదమూడు నెలలు, ప్రతి రాత్రీ 12 గంటలకు ఆ ఒకటిన్నర జీబీ ముట్టుకోకుండానే మాయమైపోయేది. ఏ నెట్‌ఫ్లిక్సూ దాన్ని తినలేదు.

మొన్న ఫోన్‌లో అమ్మకి ఈ ఫెయిర్ షేర్ సంగతి చెప్పాను. మొత్తం విని, "మరి ఇన్నేళ్ల నా జీబీలు ఎవడు తిన్నట్టురా?" అంది. జవాబు చెప్పేలోపు కాల్ కట్ అయింది.

ఇలా కాల్ కట్ అయితే వినియోగదారుడికి రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలు మించకుండా ఇవ్వమని 2015లో ట్రాయ్ రూల్ పెట్టింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2016 మేలో దాన్ని కొట్టేయించుకున్నాయి. కాబట్టి అమ్మకి రావాల్సిన ఆ రూపాయి రాలేదు. మళ్లీ నేనే చేశాను. మూడోసారికి కలిసింది.